గేటు ఆరింటికి తీస్తారు

డిసెంబరు వేకువ, ఐదుంపావు. నేరేడ్‌మెట్ క్రాస్‌రోడ్స్‌లో ఇంకా చీకటే. టీ కొట్టతను పాలు పొంగకుండా గరిటెతో కలుపుతూ, రెండో చేత్తో గ్లాసులు కడుగుతున్నాడు. వినాయక్‌నగర్ వైపు నుంచి ఊడ్చేవాళ్ల చీపుళ్ల చప్పుడు దగ్గరవుతోంది. సైనిక్‌పురి వైపు నుంచి పాల వ్యాను ఒకటి హారన్ కొట్టకుండా మలుపు తిరిగింది. ఈ కూడలిలో హారన్ లేని సమయం ఇదొక్కటే.

నా స్కూటర్ వెనక సీటు ఖాళీగా ఉంది, కూర్చోండి. హెల్మెట్ పెట్టుకోండి. చలానా రాసేది రాష్ట్ర పోలీసు; ఆ చట్టం చేసింది పార్లమెంటు; యంత్రంతో నడిచే బండి అన్నది రాజ్యాంగం ఏడో షెడ్యూలు ఉమ్మడి జాబితాలో 35వ అంశం. బండి మీద పన్ను మాత్రం రాష్ట్ర జాబితా, 57. ముప్పై ఏళ్లు సివిక్స్ చెప్పినవాడి రోగం ఇది, ఈ పూటకి ఓర్చుకోండి.

ముందు టీ తాగుదాం. ఇప్పుడు మన కాళ్ల కింద ఉన్నది నగరపాలక సంస్థ రోడ్డు. స్థానిక పాలన రాష్ట్ర జాబితాలో ఐదో అంశం కనుక ఆ చీపుళ్లకు జీతమిచ్చేది ఆ సంస్థే, దాన్ని పుట్టించిన చట్టం రాష్ట్రానిది. పోలీసు రెండో అంశం. 2016లో రాచకొండ పేరుతో కొత్త కమిషనరేట్ పెట్టి, తర్వాత దాని కార్యాలయాన్ని ఈ నేరేడ్‌మెట్‌కే తెచ్చారు. నా స్కూటర్‌లో పెట్రోలు సంగతి కొంచెం చిక్కు. నిన్న పోయించిన లీటరు ధరలో ఎక్సైజు సుంకం కేంద్రానిది, దాని మీద వ్యాట్ రాష్ట్రానిది. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు ఇద్దరూ తమ తమ పన్నులు చాలావరకు ఒకే కుండలో పోశారు గానీ పెట్రోలును మాత్రం ఇద్దరూ వదల్లేదు. ధర పెరిగితే ఒకరినొకరు చూపించుకోవడానికి అది బాగా పనికొస్తోంది.

క్లాసులో ఇదంతా నల్లబల్ల మీద రెండు నిలువు గీతలతో తేలిపోయేది. మూడు గళ్లు. 1950లో అమల్లోకి వచ్చేనాటికి కేంద్రానికి 97 అంశాలు, రాష్ట్రానికి 66, ఉమ్మడికి 47. ఎక్కడా లేనిది కేంద్రానికి. ఉమ్మడిలో రెండు చట్టాలు కొట్టుకుంటే సాధారణంగా పార్లమెంటుదే పైచేయి. పిల్లలు ఎక్కాల్లా వల్లించేవాళ్లు. ఒకసారి వెనక బెంచీ నుంచి ఒకడు లేచి, "సార్, మా ఇంటి ముందు రోడ్డు ఏ లిస్టు?" అన్నాడు. రాష్ట్ర జాబితా, 13, రోడ్లు, వంతెనలు అని ఠకీమని చెప్పి కూర్చోమన్నాను. వాడు మిలిటరీ క్వార్టర్స్ నుంచి వచ్చేవాడని తర్వాత తెలిసింది. ఆ 13వ అంశానికి ఒక తోక ఉంది: మొదటి జాబితాలో చెప్పనివైతేనే. ఆ తోక ఎంత పొడుగుందో మీకు చూపించడానికే ఈ ప్రయాణం.

పదండి.

ఆర్కే పురం బ్రిడ్జి ఎక్కుతుంటే చలి మోకాళ్లకి తగులుతుంది. ఎడమా కుడీ ఇళ్ల దీపాలు కిందికి జారిపోతాయి, చెరువు వైపు నుంచి గుర్రపు డెక్క కుళ్లిన వాసన ఒక్క విసురు వస్తుంది. పైకెక్కాక ఒక్క నిమిషం ఆపుతాను, కిందికి చూడండి. పట్టాలు. రైల్వే అంటే కేంద్ర జాబితా 22, అందులో సందేహం లేదు. మరి డబ్బు?

ఎంఎంటీఎస్, అంటే మన నగర లోకల్ రైళ్ల రెండో దశ ఖర్చు ఒప్పందం గుర్తుందా? కేంద్రం ఒక వంతు, రాష్ట్రం రెండు వంతులు. రైళ్లు ఢిల్లీవి, ఎక్కేవాళ్లు మనవాళ్లు కనుక రెండు వంతులు మీరే పెట్టండని లెక్క. సనత్‌నగర్ నుంచి మౌలాలి దాకా 22 కిలోమీటర్ల లైను ఉంది, నేరేడ్‌మెట్ స్టేషన్ దాని మీదిదే. ఆ లైన్లో కొంత భాగం రక్షణ శాఖ భూముల పక్క నుంచి పోతుంది. రైల్వే కేంద్రానిది, రక్షణ కేంద్రానిది; అయినా ఒక శాఖ భూమి కోసం ఇంకో శాఖ ఏళ్ల తరబడి ఎదురుచూసింది. నిధులివ్వలేదని రైల్వే రాష్ట్రాన్ని, పని సాగలేదని రాష్ట్రం రైల్వేను అంటూనే ఉన్నాయి. 2024 మార్చి 5న ప్రధాని సంగారెడ్డి సభ నుంచి జెండా ఊపాక నేరేడ్‌మెట్‌లో కొత్త ఎంఎంటీఎస్ ఆగడం మొదలైంది. రైల్వే ఎవరిదో రాజ్యాంగం ఒక్క మాటలో చెప్పేసింది. స్టేషన్ ఎందుకు ఆలస్యమైందో చెప్పాలంటే మాత్రం మూడు ఆఫీసుల ఫైళ్లు తిరగెయ్యాలి.

బ్రిడ్జి దిగాం. ఇక్కణ్ణుంచి కొంచెం ముందుకెళితే రోడ్డు మారిపోతుంది. తారు నున్నగా ఉంటుంది. వేప చెట్ల మొదళ్లకు సున్నం, గేరు గీతలు. గోడ మీద ముళ్లకంచె. పోస్టర్ ఒక్కటి కనబడదు. ఆ తర్వాత గేటు.

ఏ గేటో చెప్పను. ఈ చుట్టుపక్కల ఇలాంటివి ఒకటీ రెండూ కావు, అందులో ఒకటి. రాత్రి పదికి వేస్తారు, పొద్దున ఆరింటికి తీస్తారు. ఇప్పుడు ఐదు నలభై.

అప్పటికే పదిహేను మంది దాకా ఉన్నారు. ఇంజన్లు ఆపేసి, బండ్ల మీదే ముడుచుకుని. యాప్రాల్ నుంచి వచ్చే పాలాయన నన్ను గుర్తుపట్టాడు.

"ఏం సార్, ఇంత పొద్దుగాల్ల ఎటు?"

"ఊరికే, అటు లోతుకుంట దాక."

"గేటింక తియ్యలే. ఆరు గొట్టాలె. సుట్టు తిరిగి పోదామంటె పెట్రోల్ ఖర్సు, ఈడ నిలవడితె పాలు ఇరుగుతయని బుగులు." క్యాను మూత మీద తడిగుడ్డ సర్దుకున్నాడు.

ఆయన పక్కన పేపర్ల కుర్రాడు, హ్యాండిల్‌కి రెండు వైపులా కట్టలు. నైట్ డ్యూటీ దిగి ఇంటికి పోతున్న నర్సమ్మ ఒకామె, స్వెటర్ మీద కండువా చుట్టుకుని, నిలబడే నిద్రపోతోంది. కోచింగ్‌కి పోయే ఇద్దరు పిల్లలు ఫోన్లో ఏదో లెక్క చూసుకుంటున్నారు. సెంట్రీ పోస్టులో కుర్ర జవాను టోపీ చెవుల మీదికి లాక్కుని ఉన్నాడు. వాడికి పాతికేళ్లుండవు, ఎక్కడివాడో ఏమో. వాడిముందు ఒక బోర్డు: అనుమతి లేనిదే ప్రవేశం లేదు. మూడు భాషల్లో రాయాలన్న ఓపిక ఎవరికో ఉన్నట్టుంది, తెలుగు వరుసలో ఒక ఒత్తు ఊడిపోయింది.

వెనక నుంచి చెయ్యి పడింది. మా వీధి సుబేదార్‌గారు. రిటైరై పన్నెండేళ్లు, అయినా వేకువ నడక ఈ గోడ వెంబడే.

"మాస్టారూ, మళ్లీ గేటు దగ్గర పాఠమా?"

"పాఠం చెప్పడానికి కాదండీ, నేర్చుకోడానికి వచ్చా. ఈ రోడ్డు మీదా, మాదా?"

ఆయన నవ్వలేదు. ఈ ప్రశ్న ఆయనకు ఇష్టముండదు. "ఇది ఏ-వన్ ల్యాండ్ అండీ. సైన్యం సొంతానికి వాడుకునే నేల. మీ ఇంట్లోంచి దగ్గర దారి ఉందని వీధిలోవాళ్లు హాల్లోంచి నడిస్తే ఊరుకుంటారా? పఠాన్‌కోట్ అయ్యాక కూడా తలుపులు బార్లా తీసి కూర్చోమంటారా?"

ఆ మాటకు జవాబు లేదు. 2016 జనవరిలో పఠాన్‌కోట్ వైమానిక స్థావరంలోకి చొరబడ్డారు, సెప్టెంబరులో ఉరి సైనిక శిబిరం మీద దాడి చేశారు. ఆయుధాలు, సామగ్రి ఉన్నచోట గేటు అడ్డుపెట్టడం నేరం కాదు. దేశ రక్షణ కేంద్ర జాబితాలో మొట్టమొదటి అంశం. సైన్యం రెండోది. మూడోదే మన కథ: కంటోన్మెంట్ల హద్దులు గీయడం, వాటిలో స్థానిక పాలన, ఆ పాలక మండళ్ల ఏర్పాటు, అధికారాలు, చివరికి ఆ హద్దుల్లో ఇళ్ల అద్దెల అదుపు కూడా. అద్దెల దాకా వెళ్లారంటే రాజ్యాంగం రాసినవాళ్లు ఎంత జాగ్రత్తపడ్డారో చూడండి. నిజానికి ఆ జాగ్రత్త పాతదే. అంశాలను మూడు జాబితాలుగా పంచడం 1935 చట్టంలో బ్రిటిష్‌వాళ్లు మొదలుపెట్టిన పద్ధతి. దొరలకు బంగళాలు దొరకాలి గనుక అద్దెలు కూడా పైవాడి చేతిలో ఉండాలి. బంగళాల అవసరం పోయింది, వాక్యం మిగిలింది. 1969లో పశ్చిమ బెంగాల్‌లోని ఒక కంటోన్మెంట్ అద్దె తగువు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. రాష్ట్ర అద్దె చట్టం కంటోన్మెంట్ లోపల చెల్లదు, అది పార్లమెంటు సొంత పొలం అని కోర్టు తేల్చింది. అంటే రోడ్డుకి ఇటు ఇల్లు అద్దెకు తీసుకున్నవాడికి ఒక ప్రభుత్వం చట్టం చేస్తే, అటువైపు ఇంట్లో ఉన్నవాడికి ఇంకో ప్రభుత్వం చెయ్యాలి. పైకప్పు మీద ఎండ మాత్రం ఇద్దరికీ ఒకటే.

"సరేనండీ," అన్నాను సుబేదార్‌గారితో, "కానీ కంటోన్మెంట్ చట్టం 258 మాటేమిటి?"

2006 చట్టంలో ఆ సెక్షన్ చెప్పేది ఇది: వీధిని శాశ్వతంగా మూయాలంటే భద్రత తప్ప వేరే కారణం పనికిరాదు, ముందు బహిరంగ ప్రకటన ఇవ్వాలి, జనం అభ్యంతరాలు తీసుకోవాలి, వాటిని బోర్డు పరిశీలించాలి, పై కమాండ్ అనుమతీ ఉండాలి. గమనించండి, ఇది రాష్ట్రం చేసిన చట్టం కాదు. సైన్యాన్ని నడిపే ప్రభుత్వమే, సైన్యం ఉండే ఊళ్ల కోసం పార్లమెంటులో చేయించుకున్నది. 2018 మేలో, నిర్మలా సీతారామన్ రక్షణ మంత్రిగా ఉన్నప్పుడు, ఈ పద్ధతి పాటించకుండా మూసిన రోడ్లు తెరవమని దేశంలోని 62 కంటోన్మెంట్లకూ ఆదేశాలు వెళ్లాయి. ఇక్కడి కాలనీల వాళ్లు ఆ రోజు స్వీట్లు పంచుకోవాల్సిందే. ఆ తర్వాత కోవిడ్ వచ్చింది, కొన్ని గేట్లు మళ్లీ పడ్డాయి.

"258 వీధుల గురించి," అన్నాడాయన తాపీగా. "ఇది వీధి అని ఎవరన్నారు?"

మొత్తం తగువు ఆ ఒక్క మాట దగ్గరే ఉంది. వీధి అయితే బోర్డు, ప్రకటన, అభ్యంతరాలు. సైనిక స్థలంలో దారి అయితే తాళంచెవి ఉన్నవాడి ఇష్టం. తరాల తరబడి జనం నడిచిన దారి ఎప్పుడు వీధి అవుతుంది? ఏడో షెడ్యూల్లో ఇది లేదు. హైకోర్టులో వాదించుకున్నారు, ఉత్తరాలు రాసుకున్నారు, ధర్నాలు చేశారు. మల్కాజిగిరి, సఫిల్‌గూడ, నేరేడ్‌మెట్ వాళ్లు సైన్యానికి చెందిన ఏవోసీ సెంటర్ మీదుగా సికింద్రాబాద్ పోయే రోడ్ల కోసం 2014 నుంచీ చేస్తున్నది ఇదే. వాటిని మూస్తే ఆఫీసుకి వెళ్లేదారి చుట్టూ తిరిగి కిలోమీటర్ల మీద కిలోమీటర్లు పెరుగుతుంది.

2022 మార్చిలో విషయం శాసనసభకు ఎక్కింది. అప్పటి పురపాలక మంత్రి కేటీఆర్, సైనికాధికారులు రోడ్లు మూస్తూ పోతే కంటోన్మెంట్‌కు కరెంటు, నీళ్లు ఆపేస్తామని సభలోనే అన్నారు. ఆ మాట మీద చాలా దుమారం రేగింది, సైన్యాన్ని బెదిరిస్తారా అని. నాకు మాత్రం ఆ రోజు పాఠం అర్థమైనట్టనిపించింది. నీళ్లు రాష్ట్ర జాబితా 17. కరెంటు ఉమ్మడి జాబితా 38, తీగలు మాత్రం రాష్ట్ర డిస్కమ్‌వి. గేటు ఢిల్లీ చేతిలో, నల్లా హైదరాబాద్ చేతిలో. ఎవరి అంశం వాళ్ల దగ్గర పెట్టుకుని ఎదుటివాడి అవసరం పట్టుకుని గుంజడమే మన సమాఖ్యలో బేరం. నల్లా కట్టెయ్యడం తప్పే, గోడకు అటువైపు తాగేది మనుషులే. కానీ ఆ బెదిరింపు లేకుండా ఉత్తరాలతో పని జరిగి ఉంటే ఎవరైనా ఆ మాట దాకా వెళ్లేవాళ్లా అన్నది నా అనుమానం.

ఐదు యాభై ఎనిమిది. జవాను వాచీ చూసుకున్నాడు. ఇంజన్లు ఒక్కొక్కటే అంటుకుంటున్నాయి. నర్సమ్మ ఉలిక్కిపడి లేచింది. లోపల్నుంచి ఒక జీపు వచ్చి ఆగింది. నంబరు ప్లేటు చూడండి, మొదట్లో పైకి చూసే బాణం గుర్తు. టీఎస్, టీజీ లేవు. సైన్యం బండ్లను సైన్యమే రిజిస్టరు చేసుకుంటుంది, ఆర్టీఏ ఆఫీసు మొహం చూడవు.

గడియ లాగిన చప్పుడు.

"కహా జానా హై?"

"లోతుకుంట." ఆధార్ కార్డు చూపించాను. టార్చి వెలుగు నా మొహం మీద, తర్వాత మీ మొహం మీద పడింది. చెయ్యి ఊపాడు. వెళ్లండి.

లోపల వేరే ఊరు. పక్షుల గోల తప్ప చప్పుడు లేదు. వేగం 20 దాటొద్దు. మైదానంలో కుర్రాళ్లు వరసగా పరుగెడుతున్నారు, పాదాలన్నీ ఒక్కసారి నేలను తాకుతున్నాయి. చెట్లు పాతవి. 1806లో సికందర్ జా కాలంలో నిజాంతో ఒప్పందం మీద హుస్సేన్‌సాగర్‌కి ఉత్తరాన ఇంగ్లిషు దండు విడిది చేసింది, ఆయన పేరే సికింద్రాబాద్ అయింది. అంటే ఈ నేల మీద ఇద్దరు పాలకుల పంపకం రాజ్యాంగం కంటే నూట నలభై ఏళ్లు పెద్దది. నిజాం పోయాడు, కంపెనీ పోయింది, హద్దు రాళ్లు ఉన్నాయి.

ఇంకో గేటు దాటాక జనం మళ్లీ మొదలవుతారు. కానీ హద్దు అయిపోలేదు, మనం ఇప్పుడు కంటోన్మెంట్ బోర్డు పాలించే బస్తీల్లో ఉన్నాం. 2011 జనగణనలో రెండు లక్షల పైచిలుకు మంది, ఎనిమిది వార్డులు. ఇక్కడివాళ్లకు ఎమ్మెల్యే ఉన్నాడు, సికింద్రాబాద్ కంటోన్మెంట్ పేరుతోనే నియోజకవర్గం ఉంది. ఆయన శాసనసభలో రాష్ట్రమంతటికీ పురపాలక చట్టం చేయగలడు, తన వీధికి తప్ప. ఇంటి ప్లాను కాగితం కంటోన్మెంట్ ఆఫీసుకు, రేషన్ కార్డు రాష్ట్రానికి. బోర్డుకి ఎన్నికలు 2023 ఏప్రిల్ 30న అని ప్రకటించి, నెల తిరిగేసరికి వెనక్కి తీసుకున్నారు. జనం ఉండే ప్రాంతాలను కంటోన్మెంట్ నుంచి విడదీసి పక్క మునిసిపాలిటీలో కలపాలన్నది అప్పటి ఆలోచన. హిమాచల్‌లో ఖాస్ యోల్‌ను ఆ ఏప్రిల్‌లోనే విడదీశారు కూడా. ఇక్కడ రాష్ట్రం సరేనంది. అయినా పెళ్లి మాటలు కుదిరి ముహూర్తం దొరకని సంబంధంలా సాగింది. రోడ్డు మీద గుంత చూపించి అడగడానికి ఎన్నికైన వార్డు సభ్యుడు లేడు.

లోతుకుంట. రాజీవ్ రహదారి. బండి పక్కకి ఆపుతాను, ఇక్కడ పొగమంచు కంటే లారీల పొగ ఎక్కువ. ఇది రాష్ట్ర రహదారి 1. అటు పడమట మేడ్చల్ మీదుగా పోయేది జాతీయ రహదారి 44, అది కేంద్ర జాబితా 23. రెండింటి మీదా ఎత్తున కారిడార్లు కట్టాలని రాష్ట్రం ఏళ్ల తరబడి అడిగింది. రోడ్డు ఒకటి రాష్ట్రానిది, ఒకటి కేంద్రానిది, కానీ స్తంభాలు పాతాల్సిన నేల రెండు చోట్లా రక్షణ శాఖదే. కేంద్రం ఆస్తి కేంద్ర జాబితా 32. రాష్ట్రం దాన్ని తనంతట తాను తీసుకోలేదు, పన్ను కూడా వెయ్యలేదు. పన్నుకు 285వ అధికరణం అడ్డం. 2024 మార్చి 1న అనుమతి వచ్చింది. వారం తిరక్కుండా, 7న, అల్వాల్‌లో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి శంకుస్థాపన చేశారు. అంతకుముందు ఆయన ఇదే మల్కాజిగిరికి ఎంపీ. ఢిల్లీలో కూర్చుని అడిగినవాడే హైదరాబాద్‌లో కూర్చుని అందుకున్నాడు. పాత ప్రభుత్వం అడిగినప్పుడు రానిది ఇప్పుడెలా వచ్చిందని కొందరు, మేం అడిగితేనే వచ్చిందని కొందరు. ఏడో షెడ్యూల్లో మాత్రం ఆ వారంలో ఒక్క అక్షరం మారలేదు.

ఎనిమిదిన్నరకి మళ్లీ క్రాస్‌రోడ్స్‌కి వచ్చేశాం, గేటు దారిన కాదు, చుట్టూ తిరిగి. టీ కొట్టు దగ్గర ఇప్పుడు నిలబడే చోటు లేదు. సుబేదార్‌గారు మనకంటే ముందే వచ్చి ఉస్మానియా బిస్కెట్ ముంచుకుంటున్నాడు. మాటల్లో వార్డు ఎన్నిక వచ్చింది. నేరేడ్‌మెట్ వాడికి ఇది ఇష్టమైన కథ. 2020 డిసెంబరు 4న హైదరాబాద్ నగరపాలక సంస్థ (జీహెచ్‌ఎంసీ) ఓట్లు లెక్కించారు. బ్యాలెట్ కాగితాల ఎన్నిక. 150లో 149 డివిజన్ల ఫలితం వచ్చింది, ఒక్కటి ఆగింది. అది మాదే. స్వస్తిక్ ముద్ర బదులు వేరే ముద్ర పడ్డ ఓట్లు ఐదు వందలకు పైగా తేలాయి, ఆధిక్యం వాటికంటే తక్కువ. అలాంటి ఓట్లు చెల్లుతాయని రాష్ట్ర ఎన్నికల సంఘం లెక్కింపు ముందురాత్రి ఉత్తర్వు ఇస్తే హైకోర్టు నిలిపేసింది. అడ్డు తొలిగాక 9న లెక్కపెట్టి, 782 ఓట్ల ఆధిక్యంతో టీఆర్ఎస్ గెలిచిందన్నారు. ఐదు రోజులు నగరమంతా మా పేరు జపించింది.

"అవును మాస్టారూ, దానికి ఢిల్లీ ఎన్నికల సంఘం ఎందుకు రాలేదు?" అన్నాడు టీ కొట్టతను, చిల్లర లెక్కపెడుతూ.

ఎంపీకి, ఎమ్మెల్యేకి ఓటేసేటప్పుడు 324 కింద ఢిల్లీ సంఘం. కార్పొరేటర్‌కి వేసేటప్పుడు రాష్ట్ర సంఘం. దాన్ని 1990ల్లో రాజ్యాంగ సవరణే పుట్టించింది. బ్రిడ్జి దిగి కంటోన్మెంట్‌లోకి వెళితే బోర్డు ఎన్నిక ఈ రెండింటిలో ఎవరిదీ కాదు, రక్షణ శాఖ నియమాల కిందిది. రెండు కిలోమీటర్ల దూరంలో మూడు ఎన్నికల యంత్రాంగాలు. ఈ మాట చెబితే టీ కొట్టతను లెక్క తప్పి మళ్లీ మొదట్నుంచి ఎంచుకున్నాడు.

ఖాళీ క్యాన్లు గలగలలాడుతూ పాలాయన వచ్చి ఆగాడు. పాలు విరగలేదట.

"సార్, రేపు ఏందో పెద్ద ఆఫీసర్ వస్తుండంట. ఆరింటికి తీస్తరా, ఎనిమిదింటికి తీస్తరా?"

నేను సుబేదార్‌గారి వైపు చూశాను. ఆయన గ్లాసులోకి చూశాడు.

"సెంట్రీనడుగు," అన్నాడు.

"అడిగిన. మిమ్మల్నడగమన్నడు."